పీఎస్‌ఏ 7.2 వచ్చింది, బయాప్సీ లేకుండా కొత్త రక్తపరీక్షతో తేలుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: వాళ్లది దేవరకొండ పక్క ఊరు. బాపుకు 66 ఏళ్లు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నాడు. స్కానింగ్‌లో ప్రోస్టేట్ గ్రంథి 68 గ్రాములు అని రాశారు. రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్) 7.2 వచ్చింది. డాక్టర్ బయాప్సీ (సూది గుచ్చి గ్రంథి ముక్క తీసి చూడటం) అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. రక్తంతోనే క్యాన్సర్‌ను పట్టే కొత్త పరీక్షలు వచ్చాయని ఫోన్లో వీడియోలు తిరుగుతున్నాయి. వాటితో సూది తప్పుతుందా? ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఒక గట్టి రక్తపరీక్ష ఎందుకు రాలేదు?

తమ్ముడూ, నేను డాక్టర్‌ను కాదు, బయోకెమిస్ట్‌ను. ఇరవై ఆరేళ్లుగా ల్యాబులే నా లోకం. అందులో తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో రక్తపరీక్షల కిట్లు తయారుచేసే చోట పనిచేశాను, మిగతాదంతా నల్లగొండలోనే. మందులు, ఆపరేషన్ సంగతి మీ యూరాలజిస్ట్ చెప్పాలి. మిషన్ ఇచ్చే అంకెను ఎంతవరకు నమ్మొచ్చు, కొత్త పరీక్షలు ఎట్లా పుడతాయి, ఎక్కువ భాగం పుట్టకముందే ఎందుకు పోతాయి అన్నది మాత్రం నేను చెప్పగలను.

ముందు సూటి జవాబు. సూది గుచ్చి ముక్క తీసి చూడకుండా, "ఇది ప్రోస్టేట్ క్యాన్సరే" అని తేల్చే రక్తపరీక్ష ఇవాళ్టికి లేదు. వచ్చిన కొత్త పరీక్షల పని వేరు. పీఎస్‌ఏ కొంచెం పెరిగిన వందమందిలో ఎవరికి సూది నిజంగా అవసరం, ఎవరు ఆగొచ్చు అని వేరుచేయడం వాటి పని. చెరగడం అనుకోండి. చాట చేతిలో ఉంటే గింజ, పొట్టు వేరవుతాయి. గింజ లోపల పురుగుందో లేదో తెలియాలంటే కొరికి చూడాల్సిందే.

ఇప్పుడు పీఎస్‌ఏ అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే కొత్త పరీక్షలు దాదాపు అన్నీ దాని పిల్లలే. ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్ అది. వీర్యాన్ని పలచబరచడం దాని పని. వీర్యంలో ఉన్నదానితో పోలిస్తే రక్తంలో ఉండేది పది లక్షల్లో ఒక వంతు. గ్రంథి లోపలి గోడలు గట్టిగా ఉన్నంతకాలం బయటికి రాదు, వచ్చినా చెమ్మ లాగా వస్తుంది. గోడ చెడితే చెరువు కట్టకు బుంగ పడ్డట్టు కారుతుంది. ఆ బుంగ క్యాన్సర్‌తో పడొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో పడొచ్చు. కట్ట బాగానే ఉండి చెరువే పెద్దదైతే కూడా చెమ్మ ఎక్కువవుతుంది, అంటే వయసుతో గ్రంథి పెరిగినప్పుడు. క్యాన్సర్ కణం ఎక్కువ పీఎస్‌ఏ తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్కో కణం లెక్క తీస్తే మామూలు కణం కన్నా తక్కువే చేస్తుంది. గోడలు పాడవుతాయి కాబట్టి రక్తంలోకి ఎక్కువ చేరుతుంది. అంటే పీఎస్‌ఏ ఆ గ్రంథికి గుర్తు, క్యాన్సర్‌కు గుర్తు కాదు. ఈ ఒక్క లోపాన్ని సవరించడానికే ముప్పై ఐదేళ్లుగా ఇంత తిప్పలు.

1979లో అమెరికాలోని రోజ్‌వెల్ పార్క్ పరిశోధకులు ఈ ప్రోటీన్‌ను శుద్ధి చేశారు. 1986లో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది, కొత్తగా క్యాన్సర్‌ను వెతకడానికి కాదు, చికిత్స అయినవాళ్లలో జబ్బు తిరగబెడుతుందా అని చూడటానికి. వెతకడానికి అనుమతి 1994లో వచ్చింది. అంతకుముందు 1970లోనే ప్రోస్టేట్‌లో ఒక యాంటిజెన్ ఉందని రాసిన రిచర్డ్ ఆబ్లిన్, 2010లో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, దీన్ని మగవాళ్లందరికీ చేయడం పెద్ద పొరపాటు అన్నాడు. ఆయన మాట పూర్తిగా ఒప్పుకోను, ఆ సంగతి కింద చెప్తా.

రిపోర్టులో "4 లోపు నార్మల్" అని ఉంటుంది కదా, ఆ 4 శిలాశాసనం కాదు. వడ్లు కొనే ఐకేపీ కేంద్రంలో తేమ 17 శాతం దాటొద్దు అన్నట్టే అదీ ఒక గీత. 16.9కి, 17.1కి మధ్య వడ్లు మారవు, రైతు గతి మారుతుంది అంతే. అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో పీఎస్‌ఏ ఎప్పుడూ 4 దాటని 2,950 మందికి కూడా బయాప్సీ చేసి చూశారు. 15.2 శాతం మందికి క్యాన్సర్ కనిపించింది. ఆ ఫలితం 2004లో వచ్చింది. మరోవైపు 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే నలుగురిలో సుమారు ఒక్కరికే క్యాన్సర్ తేలేది, మిగతా ముగ్గురూ సూది నొప్పి ఊరికే పడ్డట్టు. మీ బాపు 7.2తో సరిగ్గా ఈ నడిమి పట్టీలో ఉన్నాడు. కొత్త పరీక్షలన్నీ ఈ పట్టీ కోసం పుట్టినవే.

వాటి దగ్గరికి పోయేముందు మీ చేతిలో ఇప్పటికే ఉన్న, పైసా ఖర్చు లేని ఒక లెక్క చెప్తా. 7.2ను 68తో భాగించండి. 0.106 వస్తుంది. దీన్ని పీఎస్‌ఏ సాంద్రత అంటారు. మామూలు ప్రోస్టేట్ 20 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, మీ బాపుది మూడింతలు పైనే. పెద్ద గ్రంథి ఎక్కువ కారుస్తుంది కాబట్టి ఈ భాగాహారం. 0.15 దాటితే అనుమానం పెరుగుతుంది, లోపు ఉంటే కొంత తగ్గుతుంది. 0.106 ధైర్యం ఇచ్చే అంకెనే. అయితే పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్‌లో గ్రంథి కొలత అటూ ఇటూ అవుతుంది, అందుకే దీన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు.

ఇంకొక మాట. ఒక్క పరీక్షతో నిర్ణయం తీసుకోవద్దు. పీఎస్‌ఏ అదే మనిషిలో ఏ కారణం లేకుండానే 15, 20 శాతం ఊగుతుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒకసారి 4 దాటినవాళ్లలో సగానికి కొంచెం తక్కువ మందికి తర్వాతి పరీక్షల్లో మామూలుకు దిగింది. మూత్రంలో మంట, జ్వరం ఉండి ఉంటే ముందు యూరిన్ కల్చర్ చేయించి, ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గించుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చేయించాలి. మూత్రం బంద్ అయి పైపు వేసినా అంతే. పరీక్షకు ముందు రెండు రోజులు దాంపత్యానికి కూడా దూరంగా ఉండాలి. కొడుకు నోటితో బాపును ఇది అడగలేడు, డాక్టర్‌తో అడిగించండి.

రెండోసారి కూడా అదే ల్యాబ్‌లో చేయించండి. పట్నంలో పెద్ద ల్యాబ్ అయితే ఇంకా మంచిది కదా అని మార్చేస్తారు చాలామంది. పీఎస్‌ఏ కిట్లకు రెండు రకాల కొలమానాలున్నాయి. ఒకటి పాత కంపెనీ కొలమానం, ఇంకొకటి డబ్ల్యూహెచ్‌ఓ కొలమానం. ఒకే రక్తం ఒకదాంట్లో 5 వస్తే ఇంకొకదాంట్లో 4 రావచ్చు. మళ్లీ తేమ యంత్రమే గుర్తొస్తోంది నాకు. మిర్యాలగూడ మిల్లులో ఒక అంకె, కేంద్రంలో ఇంకొక అంకె. ల్యాబ్ మారిస్తే, పెరిగిందో తగ్గిందో మనకు తెలియదు, మిషన్ మారిందని మాత్రమే తెలుస్తుంది.

ఇక కొత్త పరీక్షలు.

రక్తంలో పీఎస్‌ఏ ఒకే రూపంలో ఉండదు. ఎక్కువ భాగం ఇంకొక ప్రోటీన్‌ను అంటుకుని ఉంటుంది, కొంత విడిగా తిరుగుతుంది. ఆ విడిదాన్ని ఫ్రీ పీఎస్‌ఏ అంటారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో విడి భాగం శాతం తక్కువగా ఉంటుందని 1990లలో తేలింది. 1998లో వచ్చిన లెక్క ప్రకారం, 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో విడి శాతం 10 లోపు ఉంటే సగానికి మించి మందికి క్యాన్సర్ తేలింది, 25 దాటితే వందలో ఎనిమిది మందికే. ఇది పాత పరీక్షే, మన జిల్లా కేంద్రాల్లోనూ శాంపిల్ తీసుకుంటారు. "కొత్తది ఏదైనా" అని పరుగెత్తేముందు ఇది అయిందా అని చూసుకోండి.

తర్వాతి మెట్టు పీహెచ్‌ఐ, అంటే ప్రోస్టేట్ హెల్త్ ఇండెక్స్. ఆ విడి భాగంలోనే పీ2పీఎస్‌ఏ అని ఒక ముడి రూపం ఉంటుంది, అది క్యాన్సర్‌లో ఎక్కువ. పీ2పీఎస్‌ఏను ఫ్రీ పీఎస్‌ఏతో భాగించి, మొత్తం పీఎస్‌ఏ వర్గమూలంతో గుణిస్తారు. ఉదాహరణకు పీ2పీఎస్‌ఏ 18, ఫ్రీ 1.1, మొత్తం 7.2 అనుకుందాం. 18ని 1.1తో భాగిస్తే 16.4. 7.2 వర్గమూలం 2.68. గుణిస్తే 44 దగ్గర. 27 లోపు వస్తే పదిమందిలో ఒకరికి, 55 దాటితే ఇద్దరిలో ఒకరికి బయాప్సీలో క్యాన్సర్ తేలే అవకాశం అని లెక్క. 44 నడిమిలో పడింది, అంటే మూడింట ఒక వంతు. చూశారా, ఇంత చేసినా చేతికి వచ్చింది అవునూ కాదు, కాదూ కాదు. ఎఫ్‌డీఏ దీనికి 2012లో అనుమతి ఇచ్చింది.

ఫోర్‌కే స్కోర్ అనేది నాలుగు ప్రోటీన్లను కొలుస్తుంది. మొత్తం పీఎస్‌ఏ, విడిది, చెక్కుచెదరనిది, ఇంకా పీఎస్‌ఏకు తోబుట్టువు లాంటి హెచ్‌కే2. వాటికి వయసు, డాక్టర్ మలద్వారం నుంచి వేలితో చేసిన పరీక్ష, పాత బయాప్సీ సంగతి కలిపి ఒక శాతం ఇస్తుంది. దీని గొప్ప ఏమిటంటే ఇది వెతికేది ఏదో ఒక క్యాన్సర్‌ను కాదు, ముదిరే రకం క్యాన్సర్‌ను. 2021 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. స్వీడన్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తయారుచేసిన స్టాక్‌హోమ్3 ఇంకా ముందుకు పోయింది. ప్రోటీన్లతోపాటు వందకు పైగా జన్యు గుర్తులను కూడా లెక్కలో వేసుకుంటుంది. 2015లో మొదటి పెద్ద ఫలితం వచ్చింది, కానీ అది స్వీడన్ మగవాళ్ల మీద. జన్యు గుర్తులు జాతిని బట్టి మారతాయి కాబట్టి, ఇది అందరికీ పనికొస్తుందా అని గట్టిగా అడిగారు. అమెరికాలో ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్లను కూడా చేర్చి చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. అనవసర బయాప్సీలు దాదాపు సగం తగ్గాయి. మంచి సంగతే. అయినా "ఆసియా మూలాలు" అన్నప్పుడు చైనా నుంచి చౌటుప్పల్ దాకా ఒక్కటే కాదు కదా. మన దగ్గర, మనవాళ్ల మీద గీత ఎక్కడ గీయాలో వేరుగా చూసుకోవాల్సిన పని అట్లాగే ఉంది.

ఇక్కడ నాకు బాగా మండే విషయం ఒకటి చెప్పాలి. ఇంత తెలివైన పరీక్షలు కూడా ఒక ఐస్‌ప్యాక్ దగ్గర ఓడిపోతాయి. ఫ్రీ పీఎస్‌ఏ రక్తంలో నిలకడగా ఉండదు. తీసిన రక్తాన్ని అట్లాగే ఉంచితే విడి భాగం మెల్లగా తగ్గిపోతుంది, పీ2పీఎస్‌ఏ మాత్రం పెరిగినట్టు చూపిస్తుంది. రెండూ తప్పుదిక్కులోనే, రెండూ "క్యాన్సర్ అనుమానం" వైపే తోస్తాయి. అందుకే మూడు గంటల లోపు సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి, సీరం (రక్తంలోంచి తేరే ద్రవం) వేరుచేసి, చల్లగా పెట్టాలి. ఇప్పుడు దేవరకొండలో పొద్దున ఎనిమిదికి తీసిన ట్యూబ్‌ను ఊహించుకోండి. కలెక్షన్ పిల్లగాడు ఇంకో పది ఇళ్లు తిరిగి, మధ్యాహ్నం బస్సులో హైదరాబాద్ పంపిస్తాడు. మే నెల, డ్రైవర్ సీటు పక్కన సంచి. రాత్రికి మిషన్ ఎక్కుతుంది. రిపోర్టు మీద దశాంశాలతో సహా అందంగా అచ్చవుతుంది. ఆ దశాంశాలను చూసి ఇంట్లో ఏడుస్తారు. మా దగ్గరికి ఇట్లాంటి రిపోర్టుతో వచ్చినవాళ్లకు మళ్లీ తీసి, అక్కడికక్కడే తిప్పి పంపిస్తే ఫ్రీ శాతం మారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మీరు అడగాల్సింది ధర కాదు, "రక్తం ఎక్కడ తిప్పుతారు, ఎన్ని గంటల్లో తిప్పుతారు" అని. వాళ్లు తడబడితే నల్లగొండకో హైదరాబాద్‌కో బాపును తీసుకుపోయి అక్కడే రక్తం ఇప్పించండి. బస్సు ఎక్కాల్సింది మనిషి, ట్యూబ్ కాదు.

విటమిన్ గోళీలు కూడా అడ్డొస్తాయి. వెంట్రుకలకు, గోళ్లకు అని అమ్మే బయోటిన్ గోళీల్లో 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. కొన్ని కిట్లలో, పీఎస్‌ఏను పట్టుకునే యాంటీబాడీలను పట్టి ఉంచే కొక్కెమే బయోటిన్. రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే కొక్కేలన్నీ అదే ఆక్రమించి, పీఎస్‌ఏ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. 2017లో ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మీ బాపు విషయంలో భయం తక్కువ, కానీ అడగడానికి ఏం పోయింది.

"ఇన్నేళ్లైనా గట్టి పరీక్ష ఎందుకు రాలేదు" అన్నారు. నా కథే చెప్తా.

నేను హైదరాబాద్‌లో పనిచేసిన చోట ఒక కొత్త ప్రోటీన్ మీద ఆశపెట్టుకున్నాం. పేర్లు వద్దు. క్యాన్సర్ ఉన్నవాళ్ల సీరం ఒక ఆసుపత్రి ఫ్రీజర్ నుంచి తెచ్చాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం మేమే క్యాంపులు పెట్టి తీశాం. రెండు గుంపులూ కిట్‌లో ఎంత బాగా విడిపోయాయంటే, గ్రాఫ్ చూసి మా మేనేజర్ మిఠాయిలు పంచాడు. నాకు కూడా ఆ రాత్రి నిద్రపట్టలేదు, సంతోషంతో. నెల తర్వాత ఒక జూనియర్ అమ్మాయి అడిగింది, "మేడమ్, ఆ సీరం ఎన్నేళ్ల కిందిది?" అని. కొన్ని ఐదారేళ్లుగా గడ్డకట్టి ఉన్నవి, మధ్యలో రెండు మూడుసార్లు కరిగించి మళ్లీ పెట్టినవి. క్యాంపు రక్తమేమో వారం కిందిది. మళ్లీ రెండు గుంపులనూ ఒకే చోట, ఒకే రోజు, ఒకే తీరుగా తీసి చేశాం. గ్రాఫ్‌లో రెండు కొండలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. మా కిట్ క్యాన్సర్‌ను పట్టలేదు, ఫ్రీజర్‌ను పట్టింది.

ఇంకో తప్పు కూడా ఉండె అందులో. క్యాన్సర్ గుంపులో డెబ్బై ఏళ్ల వృద్ధులు, ఆరోగ్యం గుంపులో పాతికేళ్ల రక్తదాతలు. వయసును పట్టడానికి కిట్ ఎందుకు, నెరసిన జుట్టు చాలదా? పరీక్ష వేరుచేయాల్సింది క్యాన్సర్ ఉన్న ముసలాయనను, క్యాన్సర్ లేకుండా గ్రంథి ఉబ్బిన ముసలాయన నుంచి. ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టినప్పుడే పరీక్ష అసలు రంగు బయటపడుతుంది. ప్రపంచంలో పేరున్న చోట్ల కూడా ఇట్లాగే జరిగింది. 2007లో ఈపీసీఏ-2 అనే ప్రోటీన్ పీఎస్‌ఏను మించిపోతుందని పేపర్లన్నీ రాశాయి, అది ఆసుపత్రుల దాకా రానేలేదు. 2009లో మూత్రంలోని సార్కోసిన్ అనే పదార్థం మీద అంతే హడావుడి, తర్వాత వేరేవాళ్లు చేసి చూస్తే ఆ బలం కనిపించలేదు.

అందుకే 2001లో అమెరికా క్యాన్సర్ పరిశోధకులు ఐదు మెట్లు కట్టారు. పదార్థాన్ని కనిపెట్టడం మొదటి మెట్టు మాత్రమే. దాన్ని నిలకడగా కొలిచే కిట్ రెండోది. మూడోది నాకు చాలా ఇష్టమైనది: ఎప్పుడో దాచిన రక్తంలో, జబ్బు బయటపడకముందే ఆ గుర్తు ఉండెనా అని వెనక్కి తిరిగి చూడటం. స్వీడన్‌లోని మాల్మో ఊరిలో 1974 నుంచి 1986 దాకా వేలమంది రక్తం తీసి దాచారు, ప్రోస్టేట్ కోసం కాదు, గుండె జబ్బుల కోసం. దశాబ్దాల తర్వాత అదే రక్తంలో పీఎస్‌ఏ కొలిచి, ఎవరికి ఏమైందో రికార్డులతో పోల్చారు. 60 ఏళ్లకు పీఎస్‌ఏ 1 లోపు ఉన్నవాళ్లలో 85 ఏళ్ల లోపు ఈ క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం 0.2 శాతం, అంటే వెయ్యిమందిలో ఇద్దరు. ఎవరో ముందుచూపుతో ఫ్రీజర్‌కు కరెంటు బిల్లు కట్టినందుకు ఇవాళ మీ మేనమామ "నాకు 0.8 వచ్చింది, ఏం చేయాలె" అంటే నిమ్మళంగా పడుకోమని చెప్పగలుగుతున్నాం. నాలుగు, ఐదు మెట్లు జనం మధ్యలోకి వచ్చి పరీక్ష చేయడం, చివరికి మరణాలు తగ్గాయా అని చూడటం. ఇరవై ఏళ్లు పడుతుంది. యూరప్‌లో 1993లో మొదలైన పీఎస్‌ఏ అధ్యయనం 23 ఏళ్ల ఫలితం 2025లో వచ్చింది. పరీక్షకు పిలిచిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. ఒక మరణం ఆపడానికి 456 మందిని పిలవాల్సి వచ్చింది, 12 మందిలో క్యాన్సర్ కనుక్కోవాల్సి వచ్చింది. ఆబ్లిన్ మాట నేను పూర్తిగా ఒప్పుకోనిది ఇందుకే. లాభం చిన్నదే, కానీ ఉంది. మిగతా పదకొండు మందిని ఊరికే కోయకుండా చూసుకోవడం మన తెలివి.

ఆ పదకొండు మంది ఎవరంటే, క్యాన్సర్ ఉన్నా దానితో చావనివాళ్లు. వేరే కారణాలతో చనిపోయిన ఎనభై దాటిన మగవాళ్లను పరీక్షించి చూస్తే సగానికి పైగా మందిలో ప్రోస్టేట్‌లో క్యాన్సర్ కణాలు ఉంటాయి. వాళ్లకు బతికినన్నాళ్లూ తెలియనే తెలియదు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందికి కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి కనిపెట్టుకుని ఉండటం అని పంచి, 15 ఏళ్లు చూశారు. మూడు గుంపుల్లోనూ ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు వందకు ఇద్దరు ముగ్గురే. అందుకని మంచి కొత్త పరీక్ష "క్యాన్సర్ ఉందా" అని అడగదు. "ఇది ముదిరే రకమా" అని అడుగుతుంది.

వీడియోల్లో "90 శాతం కచ్చితం" అంటారు. ఒక లెక్క వేద్దాం. ఊళ్లో వెయ్యిమంది పెద్దమనుషులు, వాళ్లలో పదిమందికి ముదిరే క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పట్టింది, భేష్. మిగతా 990 మందిలో కూడా 90 శాతం సరిగ్గా చెప్పింది, అంటే 99 మందికి తప్పుగా "ఉంది" అంది. మొత్తం 108 మంది చేతిలో పాజిటివ్ రిపోర్టు, నిజంగా జబ్బున్నది తొమ్మిదిమందికి. తొంభై శాతం అంటే ఇది. అదే పరీక్షను పీఎస్‌ఏ పెరిగినవాళ్లకే చేస్తే, వాళ్లలో జబ్బున్నవాళ్లు ఎక్కువ కాబట్టి, తప్పు పాజిటివ్‌ల వాటా బాగా తగ్గుతుంది. కాబట్టి పరీక్ష ఎంత మంచిదని అడిగేముందు, ఎవరికి చేస్తున్నారని అడగాలి.

ఒక్క చుక్క రక్తంతో అన్నీ చెప్తామన్న థెరానోస్ కంపెనీ గుర్తుందా? ఆ కేసు విచారణలో ఒక దంతవైద్యుడి పీఎస్‌ఏ సంగతి బయటికొచ్చింది. ఒకసారి 26, కొద్ది రోజులకే 2 లోపు, మళ్లీ 20 పైన, మళ్లీ 1 లోపు. ఏ గ్రంథీ అట్లా గంతులు వేయదు. ఆ కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్‌ను 2022 జనవరిలో జ్యూరీ దోషి అని తేల్చింది, అయితే తేల్చింది పెట్టుబడిదారులను మోసం చేసినందుకు.

రక్తంలో తిరిగే డీఎన్‌ఏ ముక్కలతో యాభై రకాల క్యాన్సర్లు పడతామనే పరీక్షల గురించి కూడా వీడియోల్లో చెప్తుంటారు. ప్రోస్టేట్ విషయంలో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్ రక్తంలోకి డీఎన్‌ఏను చాలా తక్కువ వదులుతుంది. జబ్బు ఎముకలకు పాకిన తర్వాత ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి మాత్రం అవి నిజంగా పనికొస్తున్నాయి. బీఆర్‌సీఏ లాంటి జన్యుమార్పు రక్తంలోనే కనిపిస్తే దానికి తగ్గ గోళీలున్నాయి.

మన జిల్లావాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన పెద్దవాళ్లు ఉన్నారు కదా. నడుము నొప్పి అనగానే "ఫ్లోరైడ్ నొప్పి లే" అని వదిలేస్తాం. ఫ్లోరోసిస్‌లో ఎక్స్‌రే తీస్తే ఎముక తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకినా అట్లాగే తెల్లగా కనిపిస్తుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రెండింటిలోనూ పెరుగుతుంది. రెండూ విడదీయడానికి మన చేతిలో ఉన్న చౌకైన దారి ఈ పాత పీఎస్‌ఏనే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ అనుకున్న ఒక పెద్దాయనకు మా దగ్గర పీఎస్‌ఏ వందల్లో వచ్చింది. ఇంకొకాయనకు ఎక్స్‌రే చూసి క్యాన్సర్ అని భయపెట్టి పంపారు, పీఎస్‌ఏ 1 దగ్గరే ఉంది, ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉంది, అది ఫ్లోరోసిస్ పని. ఇన్ని కొత్త పరీక్షల గురించి రాశాను గానీ, మన ఊళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆలస్యంగా పట్టడానికి కారణం కొత్త పరీక్ష లేకపోవడం కాదు, పాతది అడగకపోవడం. ప్రభుత్వం ఊళ్లలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేస్తుంది, ప్రోస్టేట్ ఆ జాబితాలో లేదు.

మీ బాపుకు ఇప్పుడు వరుస ఇట్లా ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. యూరిన్ కల్చర్ చేయించి, ఆరు వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో పీఎస్‌ఏతోపాటు ఫ్రీ పీఎస్‌ఏ. ఎముకల నొప్పి, బరువు తగ్గడం, కాళ్లలో బలం తగ్గడం ఉంటే, లేదా వేలితో చూసినప్పుడు డాక్టర్‌కు గట్టి గడ్డ తగిలితే, ఈ ఆగడం వద్దు, వెంటనే పోండి. రెండోసారి కూడా ఎక్కువే వస్తే సూదికి ముందు ప్రోస్టేట్ ఎంఆర్‌ఐ అడగండి. 2017, 2018ల్లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల తర్వాత ముందు ఎంఆర్‌ఐ, తర్వాత సూది అన్నది చాలాచోట్ల పద్ధతి అయింది. ఎంఆర్‌ఐలో అనుమానం ఏమీ లేకుండా, సాంద్రత 0.15 లోపే ఉంటే, చాలామంది యూరాలజిస్టులు సూది వాయిదా వేసి పీఎస్‌ఏతో కనిపెట్టుకుని ఉండటానికి ఒప్పుకుంటారు. పీహెచ్‌ఐ లాంటి పరీక్షకు డబ్బు పెట్టాలంటే, ఎంఆర్‌ఐ అటూ ఇటూ కాకుండా వచ్చినప్పుడు పెట్టండి, అప్పుడే దానికి విలువ. ఎంఆర్‌ఐలో మచ్చ స్పష్టంగా కనిపిస్తే మాత్రం ఏ రక్తపరీక్ష పేరు చెప్పీ బయాప్సీని దాటవేయవద్దు. నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం ఆసుపత్రుల్లో ఇది రోజూ చేసే పనే. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో అంటారు, అది భయం మాట, పట్టించుకోవద్దు.

అన్నింటికన్నా ముందు, ఇవాళే చేయాల్సింది ఒకటుంది. బాపు రాత్రి మూత్రానికి లేవకుండా ఏవైనా గోళీలు వేసుకుంటున్నాడా? వాటిలో ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ ఉండి, ఆరు నెలలు దాటి వాడుతుంటే, పీఎస్‌ఏ సగానికి పడిపోయి కనిపిస్తుంది. అప్పుడు 7.2 అంటే 14 అని చదవాలి, నేను పైన వేసిన సాంద్రత లెక్క 0.21 అవుతుంది, మాట మొత్తం మారిపోతుంది. గోళీల పట్టీ రెండువైపులా ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తా.